పాత డీజిల్ లారీలో ఇంధన వ్యవస్థ లోపాలు: ఇంటి వద్దనే గుర్తించే పద్ధతి

జనపనార మిల్లుతో పేరు పొందిన నెల్లిమర్లలోను, చంపావతి నదిని ఆనుకొని ఉన్న పరిసర గ్రామాలలోను ఖరీఫ్ వరి కోతలు ఎక్కువగా నవంబరు, డిసెంబరు మాసాలలో సాగుతాయి. బంగాళాఖాతంలో వాయుగుండాలు, తుఫానులు ఏర్పడే కాలం కూడా ఇంచుమించు ఇదే. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటిన తిత్లీ తుఫానులను ఉత్తర కోస్తా రైతులు ఇంకా మరువలేదు. తుఫాను హెచ్చరిక వెలువడిన తరువాత కళ్ళంలోని ధాన్యాన్ని సురక్షిత ప్రదేశానికి చేర్చడానికి రైతుకు దొరికే వ్యవధి ఒకటి రెండు రోజులే. ఆ వ్యవధిలో లారీ స్టార్టు కాకపోతే ఒక పంటకాలపు కష్టం కళ్ళంలోనే తడిసి మొలకెత్తుతుంది.

ధాన్యం, మొక్కజొన్న, గోగునార, కూరగాయలు తరలించడానికి పలువురు రైతులు పాత లారీలను, చిన్న లారీలను కొనుగోలు చేసి వాడుతున్నారు. ఇటువంటి వాహనాలు మొరాయించినపుడు ‘పంపు పోయింది’ అన్న మాట తరచుగా వినవస్తుంది. ఇంజెక్షన్ పంపును విప్పి, పట్టణానికి తీసుకువెళ్ళి, పరీక్ష చేయించి తిరిగి బిగించడానికి ధనమూ, దినాలూ వ్యయమవుతాయి. తీరా చూస్తే లోపం పంపులో గాక, దానికి ముందున్న గొట్టంలోనో, ఫిల్టరులోనో, ట్యాంకు మూతలోనో ఉండవచ్చు. అందువల్ల పంపు మీద చేయి వేయక ముందే ట్యాంకు నుంచి వరుసగా పరీక్షించుకుంటూ రావడం రైతుకు లాభదాయకం. ఆ వరుస ఏమిటో, ఇంటి వద్ద చేయదగిన పరీక్షల హద్దు ఎక్కడో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఈ పద్ధతి ఏ వాహనాలకు వర్తిస్తుంది?

ఈ వ్యాసంలోని పరీక్షలు యాంత్రిక ఇంజెక్షన్ పంపు ఉన్న పాత డీజిల్ వాహనాలకు మాత్రమే వర్తిస్తాయి. జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థ 1927లో భారీ ఎత్తున తయారీ ప్రారంభించిన పంపుల నమూనాయే వీటికి మూలం. మన దేశంలో 1951లో బెంగళూరులో ప్రారంభమైన మైకో సంస్థ పంపులు, నాజిళ్ళు ఇటువంటి వాహనాలలో విరివిగా కనిపిస్తాయి. పంపు నుంచి ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క సన్నని ఉక్కు పైపు వెళ్ళడం, నాజిళ్ళకు విద్యుత్ తీగలు లేకపోవడం వీటి గుర్తు.

నాజిళ్ళపై విద్యుత్ తీగల ప్లగ్గులు ఉంటే అది కామన్ రైలు పద్ధతి వాహనమని గ్రహించాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 ప్రమాణాల డీజిల్ లారీలు ఈ కోవకు చెందుతాయి. వాటి పైపులలో పీడనం 1,000 బార్లకు మించి ఉంటుంది కనుక వాటి ఇంధన పైపులను ఇంటి వద్ద ఎట్టి పరిస్థితిలోనూ వదులు చేయరాదు. పాత పద్ధతి పంపు ఉన్న ట్రాక్టర్లకు మాత్రం ఈ పరీక్షలలో చాలా భాగం వర్తిస్తుంది.

డీజిల్ ప్రయాణించే మార్గం

లోపాన్ని వెదకాలంటే ముందుగా మార్గం తెలియాలి. పాత లారీలో డీజిల్ ఈ క్రింది వరుసలో ప్రయాణిస్తుంది.

1. ట్యాంకు, దాని అడుగున ఉండే పీల్చుడు గొట్టం, జాలీ
2. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉండే గొట్టం
3. ఫీడ్ పంపు, దానిపై ఉండే చేతి పంపు
4. ఫిల్టర్లు
5. ఇంజెక్షన్ పంపు
6. అధిక పీడన పైపులు
7. ఇంజెక్టర్లు, వాటి కొనలోని నాజిళ్ళు

వీటిలో మిగిలిన డీజిల్ రిటర్న్ గొట్టం ద్వారా వెనుకకు మరలుతుంది.

ఈ మార్గాన్ని మూడు భాగాలుగా భావించాలి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్నది పీల్చుడు భాగం. ఫీడ్ పంపు నుంచి ఇంజెక్షన్ పంపు వరకు ఉన్నది అల్ప పీడన భాగం. ఇక్కడ పీడనం ఒకటి రెండు బార్లకు మించదు. ఇంజెక్షన్ పంపు నుంచి నాజిల్ వరకు ఉన్నది అధిక పీడన భాగం. పాత ఇంజన్లలో నాజిల్ తెరుచుకోవడానికే సుమారు 175 నుంచి 250 బార్ల పీడనం అవసరం. మొదటి రెండు భాగాలను రైతు స్వయంగా పరీక్షించుకోవచ్చు. మూడవ భాగంలో చేయదగినది బహు స్వల్పం.

లారీలో ట్యాంకు చాసిస్‌కు ప్రక్కన, ఫీడ్ పంపు కంటె దిగువన ఉంటుంది. కనుక పీల్చుడు గొట్టంలో పగులు ఉంటే ఇంజన్ నడుస్తున్నపుడు డీజిల్ బయటికి కారదు, బయటి గాలి లోపలికి చొరబడుతుంది. నేలపై ఒక్క చుక్క కూడా పడదు గనుక ఈ లోపం కంటికి కనిపించదు. అనేక వాహనాలు అకారణంగా పంపు మరమ్మతుకు వెళ్ళడానికి ఇదే ముఖ్య హేతువు. ఇంజను కంటె ఎత్తులో ట్యాంకు ఉన్న ట్రాక్టర్లలో పరిస్థితి వేరు. అక్కడ అదే పగులు డీజిల్ కార్చి తన్ను తాను పట్టి ఇస్తుంది.

లోపాలకు మూలం: నీరు, మలినం, గాలి

నీరు: తీరప్రాంతపు గాలిలో తేమ అధికం. సగం ఖాళీగా నిలిపిన ట్యాంకులో రాత్రి చల్లదనానికి ఆ తేమ లోపలి గోడలపై నీటి బిందువులుగా మారుతుంది. మూత రబ్బరు చెడిపోతే వాన నీరు కూడా చేరుతుంది. లీటరు డీజిల్ బరువు సుమారు 820 నుంచి 860 గ్రాములే కనుక నీరు అడుగుకు దిగి, సరిగా పీల్చుడు గొట్టం నోటి దగ్గరే నిలుస్తుంది. నీరు, డీజిల్ కలిసే పొర వద్ద సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు ఏర్పడుతుంది. అది ఫిల్టరును మూసివేస్తుంది.

మలినం: తుప్పు రేకులు, డ్రమ్ముల అడుగు మడ్డి, గోనె పీచు, కళ్ళం దుమ్ము ట్యాంకులోకి చేరతాయి. ఇంజెక్షన్ పంపులోని ప్లంజరుకు, దాని గొట్టానికి మధ్య ఖాళీ మిల్లీమీటరులో వెయ్యవ వంతుల లెక్కలో ఉంటుంది. కంటికి కనిపించని రేణువు సైతం అక్కడ గీత పెట్టగలదు.

గాలి: ద్రవాన్ని నొక్కితే పీడనం పెరుగుతుంది. గాలిని నొక్కితే అది కుంచించుకుపోతుందే తప్ప నాజిల్‌ను తెరిచేటంత పీడనం ఏర్పడదు. అందువల్ల పైపులో కొద్దిపాటి గాలి బుడగ చేరినా ఇంజన్ ఆగిపోతుంది. మెకానిక్కులు ‘గాలి పట్టింది’ అనేది ఈ స్థితినే.

పని మొదలు పెట్టే ముందు

వాహనాన్ని చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు రాళ్ళు పెట్టాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. బీడీ, దీపం, పొయ్యి దరిదాపుల్లో ఉండరాదు. భారతీయ ప్రమాణాల ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింటు, అనగా నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత, 35 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. మన వేసవిలో పగటి వేడిమి దానిని మించుతుంది కనుక ‘డీజిల్‌కు నిప్పు అంటుకోదు’ అన్న ధీమా తగదు.

ఒక జత స్పానర్లు, పొడి గుడ్డలు, మూత గల రెండు గాజు సీసాలు, 5 లీటర్ల శుభ్రమైన డబ్బా, రెండు మీటర్ల పారదర్శక డీజిల్ గొట్టం, క్లిప్పులు, కొత్త రాగి వాషర్లు, కంటి అద్దాలు సిద్ధం చేసుకోవాలి. గొట్టాలు విప్పే ముందు ఆ భాగాన్ని శుభ్రంగా తుడవాలి. ఒకసారి ఒక్క భాగాన్నే మార్చి ఫలితం చూడాలి. రెండు మూడు భాగాలను ఒకేసారి మారిస్తే దేని వల్ల బాగైందో తెలియదు.

పొగ తెలిపే సంగతి

సెల్ఫ్ మోటారు బాగా తిరుగుతున్నా సైలెన్సరు నుంచి పొగ ఏమాత్రం రాకపోతే సిలిండర్లకు డీజిల్ చేరడం లేదని అర్థం. ఈ వ్యాసంలోని పరీక్షా క్రమం ముఖ్యంగా ఇటువంటి స్థితికే. తెల్లని లేదా బూడిద రంగు పొగ వస్తూ ఇంజన్ అందుకోకపోతే డీజిల్ చేరుతున్నది గాని మండడం లేదు. అపుడు కంప్రెషన్, టైమింగు, నాజిళ్ళను అనుమానించాలి. నల్లని పొగ వస్తే డీజిలుకు తగిన గాలి అందడం లేదని, లేదా నాజిల్ సరిగా చల్లడం లేదని గ్రహించాలి. కళ్ళం పనుల తరువాత నల్లపొగ మొదలైతే ముందుగా చూడవలసినది ఎయిర్ ఫిల్టరునే. నీలిరంగు పొగ ఇంజన్ ఆయిల్ మండుతున్న గుర్తు. అది ఇంధన వ్యవస్థ లోపం కాదు.

సెల్ఫ్ మోటారు నీరసంగా తిరిగితే మొదట బ్యాటరీని, దాని తీగల బిగింపును సరిచూడాలి. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. గాలిని వేగంగా నొక్కినపుడు పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. ఇంజన్ మెల్లగా తిరిగితే ఆ వేడి చాలదు.

పరీక్షా క్రమం

1. స్టాప్ లివరు: ఇంజన్ ఆపే కేబుల్ బిగుసుకుపోయి పంపు మీది లివరు ‘ఆపు’ స్థితిలోనే ఉండిపోతుంది. లివరును చేతితో కదిపి, పూర్తిగా నడిచే స్థితికి తిరిగి వస్తున్నదో లేదో చూడాలి. ట్యాంకులో డీజిల్ ఎంత ఉన్నదో మీటరును నమ్మక పుల్లతో కొలిచి చూడాలి.

2. ట్యాంకు మూత: డీజిల్ తగ్గిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరడానికి ట్యాంకుకు ఒక సన్నని రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి ఫీడ్ పంపు డీజిల్‌ను లాగలేదు. కొంత దూరం నడిచి ఇంజన్ ఆగినపుడు మూత తిప్పి చూడండి. ‘సుయ్’మని గాలి లోపలికి పోతే లోపం దొరికినట్లే. రంధ్రాన్ని శుభ్రం చేస్తే చాలు.

3. సీసా పరీక్ష: ట్యాంకు అడుగు బిరడా నుంచి, ఫిల్టరు అడుగు బిరడా నుంచి అర లీటరు చొప్పున డీజిల్‌ను వేర్వేరు గాజు సీసాలలోకి తీసి, ఒక గంట కదపకుండా ఉంచాలి. నీరు ఉంటే అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. గోధుమరంగు రేణువులు తుప్పుకు, నల్లని జిగురు సూక్ష్మజీవులకు సూచన. మబ్బుగా ఉన్న డీజిల్‌లో సన్నని నీటి తుంపరలు కలిసి ఉండవచ్చు. దానిని రాత్రంతా ఉంచి చూడాలి.

4. చేతి పంపు పరీక్ష: ఫిల్టరుపై ఉన్న గాలి తీసే స్క్రూను ఒకటి రెండు చుట్లు వదులు చేసి చేతి పంపు కొట్టాలి. బుడగలు లేని డీజిల్ ధారగా వస్తే ఫీడ్ పంపు వరకు మార్గం బాగున్నట్లు. ఏమీ రాకపోతే ముందు ఎక్కడో అడ్డు ఉన్నది, లేదా ఫీడ్ పంపు వాల్వులు పట్టడం లేదు. ఎంతసేపు కొట్టినా బుడగలు ఆగకపోతే పీల్చుడు గొట్టంలో గాలి చొరబడుతున్నది.

5. డబ్బా పరీక్ష: ఇంటి వద్ద చేయదగిన పరీక్షలన్నింటిలో ఇది మిక్కిలి ప్రయోజనకరమైనది. ఫీడ్ పంపుకు వచ్చే గొట్టాన్ని విప్పి, దాని స్థానంలో పారదర్శక గొట్టాన్ని బిగించి, రెండవ కొనను శుభ్రమైన డీజిల్ ఉన్న డబ్బాలో ముంచాలి. డబ్బాను సైలెన్సరుకు, తిరిగే ఫ్యానుకు దూరంగా కదలకుండా కట్టాలి. గాలి తీసి ఇంజన్ స్టార్టు చేయాలి. వాహనాన్ని కదపకుండా, నిలిపిన చోటనే వేగం పెంచి, తగ్గించి చూడాలి. ఇంజన్ నిలకడగా నడిస్తే ఫీడ్ పంపు, ఇంజెక్షన్ పంపు డీజిల్‌ను సరిగానే అందిస్తున్నట్లు. లోపం ట్యాంకులో గాని పాత గొట్టంలో గాని ఉన్నది. డబ్బాతోనూ అదే ఇబ్బంది ఉంటే లోపం ఫీడ్ పంపు వద్ద గాని, దాని తరువాత గాని ఉన్నది. మిగిలిన డీజిల్ రిటర్న్ గొట్టం ద్వారా ట్యాంకుకే పోతుంది కనుక డబ్బా త్వరగా ఖాళీ అవుతుంది. దానిపై దృష్టి ఉంచాలి.

6. ఫిల్టర్లు: ఖాళీగా బాగా నడిచి, బస్తాలు ఎక్కించినపుడో ఎత్తు రోడ్డు మీదనో మాత్రమే లాగకపోతే ఫిల్టరు మూసుకున్నదని అనుమానించాలి. బరువు లాగేటపుడు అధిక డీజిల్ కావాలి. మూసుకున్న ఫిల్టరు దానిని అందించలేదు. కాగితపు ఫిల్టరును కడిగి తిరిగి వాడరాదు. కడిగినపుడు చిరిగిన కాగితం మలినాన్ని నేరుగా పంపులోకి పంపుతుంది. ఫిల్టరు మార్చినపుడు రబ్బరు వాషరును కూడా మార్చాలి.

7. గాలి తీయడం: ఏ గొట్టం విప్పినా చివరకు గాలి తీయవలసిందే. ముందుగా ఫిల్టరు స్క్రూ వద్ద, తరువాత ఇంజెక్షన్ పంపు స్క్రూ వద్ద, బుడగలు పోయేవరకు చేతి పంపు కొట్టి, డీజిల్ కారుతుండగానే స్క్రూ బిగించాలి. చేతి పంపు పిడిని తిరిగి లోపలికి నొక్కి మర బిగించడం మరువరాదు. అది వదులుగా ఉంటే అక్కడి నుంచే మరల గాలి పడుతుంది.

ఒక ఉదాహరణ

ధాన్యం బస్తాలతో నెల్లిమర్ల నుంచి విజయనగరం బయలుదేరిన పాత లారీ నాలుగైదు కిలోమీటర్ల తరువాత శక్తి తగ్గి ఆగిపోయిందనుకుందాం. పది నిమిషాల తరువాత మరల స్టార్టయి, మరికొంత దూరం నడిచి మరల ఆగింది. పంపు విప్పాలన్న సలహా వచ్చింది.

రైతు పై క్రమాన్ని పాటించాడు. మూత తిప్పితే శబ్దం లేదు. సీసాలో నీరు లేదు గాని గోధుమరంగు రేకులు, గోనె పీచు ఉన్నవి. ఇంటి వద్ద ట్యాంకు డీజిల్‌తో పావుగంట నడిపితే ఇంజన్ ఆగింది. డబ్బా డీజిల్‌తో, డబ్బా నింపుకుంటూ అరగంట నడిపినా ఆగలేదు. అనగా లోపం ట్యాంకులో ఉన్నది. పీల్చుడు గొట్టం తీసి చూడగా జాలీకి పీచు చుట్టుకొని ఉన్నది. ఇంజన్ నడిచేటపుడు ఆ పీచు జాలీకి అతుక్కొని దారి మూస్తున్నది. ఇంజన్ ఆగగానే లాగే శక్తి లేక పీచు వదులై క్రిందికి జారుతున్నది. పది నిమిషాల తరువాత మరల స్టార్టు కావడంలోని మర్మం అదే. ఇంజెక్షన్ పంపు చెడితే ఇంత క్రమంగా ఆగడం, కోలుకోవడం సాధారణంగా జరగదు. ట్యాంకు కడగడంతో సమస్య తీరింది. పంపు విప్పి ఉంటే ఖర్చు అయ్యేదే గాని లారీ మాత్రం అక్కడే ఆగేది.

రాత్రి నిలిపిన లారీ ఉదయం చేతి పంపు కొడితేనే స్టార్టు కావడం తరచుగా కనిపించే మరొక లక్షణం. రాత్రి పూట ఎక్కడో గాలి చేరి డీజిల్ వెనుకకు జారుతున్నదని దీని అర్థం. పీల్చుడు గొట్టం అతుకులు, రాగి వాషర్లు, ఫీడ్ పంపు వాల్వులు చూడాలి. ఒకసారి విప్పిన రాగి వాషరును తిరిగి వాడటం కూడా ఇందుకు కారణమవుతుంది.

ఇంటి వద్ద చేయరానివి

నాజిల్ వద్ద డీజిల్ తుంపర సూది మొన వలె చర్మాన్ని ఛేదించుకొని లోపలికి పోగలదు. పైకి చిన్న ముల్లు గుచ్చుకున్నట్లే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల మాత్రం కండ చచ్చిపోతూ ఉంటుంది. అటువంటి గాయమైతే నొప్పి కోసం ఎదురు చూడక వెంటనే ఆసుపత్రికి వెళ్ళి ‘ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయింది’ అని వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. ఆలస్యం చేస్తే వేలు, చేయి కోల్పోయే ప్రమాదం ఉన్నది. కనుక నాజిల్‌ను విప్పి గాలిలో చల్లించి చూడటం, కారుతున్న పైపును వేలితో తడమడం నిషిద్ధం. పైపు కారుతున్నదీ లేనిదీ అట్ట ముక్కను దూరం నుంచి అడ్డుపెట్టి చూడాలి.

ఏ సిలిండరు పని చేయడం లేదో తెలుసుకోవడానికి అనుభవజ్ఞుడైన మెకానిక్కు ఇంజన్ నెమ్మదిగా నడుస్తుండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును గుడ్డ కప్పి కొద్దిగా వదులు చేస్తాడు. పని చేసే సిలిండరు నట్టు వదిలితే ఇంజన్ వేగం తగ్గుతుంది. పని చేయని దాని నట్టు వదిలినా మార్పు ఉండదు. ఈ పరీక్షను మెకానిక్కు చేతనే చేయించాలి. ఇంజెక్షన్ పంపు సీలు, గవర్నరు స్క్రూలు, టైమింగు ముట్టరాదు. గవర్నరు చెడితే ఇంజన్ అదుపు తప్పి పగిలిపోయేంత వేగంగా తిరుగవచ్చు.

ఇంజన్ ఆయిల్ పుల్లను తీసి చూసినపుడు మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తే ఇంజన్‌ను నడపరాదు. ఎక్కడో డీజిల్ ఆయిల్‌లో కలుస్తున్నది. పలుచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఇది పూర్తిగా మెకానిక్కు పని.

నివారణ చర్యలు

- సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపి ఉంచితే తేమ చేరే ఖాళీ ఉండదు.
- వర్షాకాలంలో వారానికొకసారి ట్యాంకు, ఫిల్టరు అడుగు బిరడాల నుంచి కొద్దిగా డీజిల్ వదలాలి.
- డ్రమ్ములో నిలువ ఉంచిన డీజిల్‌ను ఒక రోజు కదపక ఉంచి, పై భాగాన్నే సన్నని జాలీ గుండా పోయాలి. అడుగు భాగాన్ని వదిలివేయాలి.
- డీజిల్‌లో కిరోసిన్ కలపరాదు. పంపు ప్లంజర్లకు డీజిలే కందెన. బి.ఎస్.-6 డీజిల్‌లో గంధకం 10 పి.పి.ఎం.కు మించదు. గంధకం తీసే ప్రక్రియలో తగ్గిన జారుడు గుణాన్ని సంకలితాలతో భర్తీ చేస్తారు. కిరోసిన్ కలిపితే ఆ గుణం మరల తగ్గి ప్లంజర్లు త్వరగా అరుగుతాయి.
- ఫిల్టరు మార్చిన తేదీని, కిలోమీటర్లను ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి.
- కోతలకు నెల ముందే, అనగా అక్టోబరు లోపలే, పై పరీక్షలన్నీ ఒకసారి జరిపించాలి. ఒక జత ఫిల్టర్లు, రాగి వాషర్లు, మీటరు గొట్టం వాహనంలో సిద్ధంగా ఉంచాలి.

ముగింపు

పాత లారీ మొరాయించినపుడు పరీక్ష చవకైన చోట మొదలై ఖరీదైన చోట ముగియాలి. మూత, సీసా, చేతి పంపు, డబ్బా, ఫిల్టరు అనే ఈ వరుసకు అయ్యే ఖర్చు స్వల్పం, పట్టే కాలం ఒక పూట. ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలిన తరువాతనే పంపును, నాజిళ్ళను నిపుణుని వద్దకు పంపాలి. అపుడు కూడా రైతు తాను చేసిన పరీక్షలను, వాటి ఫలితాలను మెకానిక్కుకు వరుసగా తెలియజేస్తే అనవసరపు విప్పుడు పనులు తగ్గుతాయి. ఆకాశం మబ్బు పట్టిన వేళ కళ్ళం నుంచి ధాన్యం సకాలంలో కదలడానికి ఈ ముందుచూపు తోడ్పడుతుంది.